పక్షికి గూడు, చేపకు నీరు

రాఘవయ్యగారికి తెలుగంటే ప్రాణం. ఆ ప్రాణాన్ని ఆయన ఇంట్లో వాడి పాడుచేసుకోలేదు, సభల కోసం భద్రంగా దాచుకున్నారు. తెనాలి నుంచి వచ్చి బిలాస్‌పూర్‌లో బొగ్గు కంపెనీ పెద్దాఫీసులో చేరిన దగ్గర్నుంచి ఆయనది అదే పద్ధతి. ఆఫీసులో హిందీ, పైవాళ్ళ దగ్గర ఇంగ్లిషు, ఇంట్లో భార్య సీతాలక్ష్మితో ఊఁ, ఊహూఁ. ఇవి పోగా మిగిలిన తెలుగంతా ఏడాదికోసారి తెలుగు మిత్రమండలి వార్షికోత్సవంలో మైకు ముందు కుమ్మరించేవారు.

మిత్రమండలి రైల్వే కుటుంబాలది. వాళ్ళ తాతలు శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రైలు పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఇళ్ళల్లో ఇప్పటికీ ‘ఏటి’ అనే మాట్లాడుకుంటారు, పిల్లలు మాత్రం సగం వాక్యం దాటేసరికి హిందీలోకి దిగిపోతారు. రాఘవయ్యగారి దృష్టిలో వాళ్ళది చెడిపోయిన తెలుగు. వాళ్ళ దృష్టిలో ఆయనది పుస్తకాల తెలుగు. అందుకని వాళ్ళు ఆయన్ని గురువుగారూ అని పిలిచేవారు, ఆయన కాదనేవారు కాదు.

రెండు వేల ఆరో సంవత్సరంలో మండలి వారు గురువుగారికి ఒక బిరుదు ఇవ్వాలనుకున్నారు. కార్యదర్శి త్రినాథరావు రిటైరైన గూడ్సు గార్డు. ఒకనాడు సాయంత్రం ఇంటికొచ్చి, “ఏటి బిరుదిద్దారండి గురువుగారూ, మాకేటి తెలుస్తాది, మీరే చెప్పీయండి” అన్నాడు.

“ఛ ఛ, బిరుదులెందుకయ్యా నాలాంటి వాడికి” అని రాఘవయ్యగారు టీ చల్లారేదాకా కాదన్నారు. త్రినాథరావు సరే పోనీ అనబోయాడు. అది కనిపెట్టిన గురువుగారు గబుక్కున చొక్కా జేబులోంచి చీటీ తీసి ఇచ్చారు. దాని మీద ‘పదవిశారద’ అని గుండ్రటి అక్షరాల్లో రాసి ఉంది, కింద గీత కూడా గీసి ఉంది. ఇన్నాళ్ళ ప్రవాస జీవితంలో ఆయన కోరుకున్నది అదొక్కటే. శాలువా, దండ, ఆ మాట పేరు ముందు. తెనాలిలో ఉన్న బావమరిది పేరు ముందు ఏదో బిరుదు ఎప్పుడో చేరింది. ఆ ముల్లు చాలాకాలంగా గుచ్చుకుంటోంది.

బిరుదు ఊరికే ఇస్తే బావుండదని సభలో ఒక పోటీ కూడా పెట్టించారు. కాలేజీ విద్యార్థులకి ఒక తెలుగు మాట ఇస్తారు. దాని అర్థం, సాహిత్యంలో దాని ప్రయోగం వివరిస్తూ కాసేపు మాట్లాడాలి. ఒక్క హిందీ ముక్క దొర్లినా లెక్కలోకి తీసుకోరు. మాటను ఎంచిందీ, నియమం పెట్టిందీ, తీర్పు చెప్పేదీ రాఘవయ్యగారే. ఆయన ఎంచిన మాట ‘సొంతం’.

మామూలు ఏడాదైతే ఈ పోటీని ఎవరూ పట్టించుకునేవారు కాదు. కానీ ఆ ఏడాది ముఖ్య అతిథి రైల్వేలో కొత్తగా వచ్చిన పెద్ద సాహెబు. పైగా తెలుగువాడు. దాంతో రైల్వే క్వార్టర్లలో తల్లిదండ్రులందరికీ ఉన్నట్టుండి మాతృభాష మీద మమకారం పుట్టుకొచ్చింది.

మొదట లోకో డ్రైవరు జగన్నాథం వచ్చాడు. డ్యూటీ దిగి తిన్నగా వచ్చినట్టున్నాడు, చేతిలో అనకాపల్లి బెల్లం దిమ్మ, వెనకాల బీకాం చదువుతున్న కొడుకు ప్రవీణ్.

“మావోడు సాహెబు ముందర నాలుగు ముక్కలు మాట్లాడితే చాలండి. వాడికి తెలుగు చదవడం రాదు. మీరు చెప్పీసినారంటే హిందీ అక్షరాల్లో రాసీసుకుని బట్టీ పట్టీస్తాడు.”

జడ్జి అయినవాడు పోటీదారుకి ప్రసంగం రాసిపెట్టడం సబబేనా అన్న ఆలోచన రాఘవయ్యగారికి రాకపోలేదు. వచ్చింది, బెల్లం దిమ్మను చూసి కాస్త పక్కకి తప్పుకుంది. పైగా అడిగినవాడు గురువుగారూ అని అడిగాడు. ఆ పిలుపు వింటే ఆయన ఏమీ కాదనలేరు.

“రాసుకో నాయనా” అని కళ్ళు మూసుకుని మొదలుపెట్టారు. “సొంతం. ఎంత తీయని మాట. పక్షికి గూడు సొంతం, చేపకు నీరు సొంతం, మనిషికి తన మాటే సొంతం. అరువు తెచ్చిన నగ మెడలో ఎంత మెరిసినా గుండెకు బరువే అన్నాడొక మహాకవి. అరువు తెచ్చిన మాటా అంతే.” అలా రెండు పేజీలు సాగింది. ఆ మహాకవి ఎవరని ప్రవీణ్ అడగలేదు, అడిగినా ఆయన చెప్పేవారు కాదు. ఆ వాక్యం ఆయనదే. ఎప్పటికైనా లోకానికి తెలుస్తుందని ఆయన ఆశ.

“ఎవరితోనూ అనకండి. నేను జడ్జిని కదా” అని గుమ్మం దాకా వచ్చి చెప్పారు. జగన్నాథం దేవుడి పటం వైపు చెయ్యి చూపించి ఒట్టేశాడు.

మర్నాడు అచ్చియమ్మ తన కూతురు ఉషారాణిని వెంటబెట్టుకుని మామిడి తాండ్రతో వచ్చింది. ఆ తర్వాత పక్క ఊళ్ళ నుంచి కూడా వచ్చారు, బిల్హా నుంచి దుబ్‌రాజ్ బియ్యం సంచీతో ఒకరు, కోటా నుంచి తేనె సీసాతో ఇంకొకరు. అలా మొత్తం ఎనిమిదిమంది. అందరూ గురువుగారూ అన్నవాళ్ళే, అందరూ ఎవరితోనూ అనబోమని ఒట్టేసినవాళ్ళే. ఒక్కొక్కరికీ ఒక్కో ప్రసంగం తయారుచేయాలని రాఘవయ్యగారు మనస్ఫూర్తిగానే అనుకున్నారు. కానీ కళ్ళు మూసుకుంటే పక్షే వస్తోంది, దాని వెనకే చేప వస్తోంది. చివరివాళ్ళకైతే గడ్డం గీసుకుంటూనే చెప్పేశారు. ఆయన ధైర్యం వేరే ఉంది. ఏటా పేర్లు ఇచ్చేవాళ్ళు బోలెడుమంది, తీరా ఆ రోజుకి ట్యూషనని ఒకరు, క్రికెట్ మ్యాచని ఒకరు ఎగ్గొడితే వేదిక మీద మిగిలేది ఇద్దరు. తెలుగువాళ్ళ మీద ఆయనకు అంత నమ్మకం.

వచ్చిన వాళ్ళందరికీ టీ తెచ్చి ఇచ్చింది ఆయన కూతురు మైత్రి. డిగ్రీ రెండో ఏడు. పుట్టింది, పెరిగింది బిలాస్‌పూర్లోనే. చివరి అతిథి వెళ్ళాక కప్పులు తీస్తూ అడిగింది.

“పప్పా, నాకూ చెప్తారా?”

“నువ్వు జడ్జి కూతురివి. పోటీలో పాల్గొనకూడదు. న్యాయం కాదమ్మా.”

ఇలాంటి విషయాల్లో రాఘవయ్యగారు చాలా నిక్కచ్చి మనిషి.

“పోటీకి కాదు. ఊరికే. తెలుగు నేర్పిస్తానన్నారు కదా, నైన్త్‌లో ఉన్నప్పుడు.”

“టైం దొరకనీ” అని ఆయన మామిడి తాండ్ర ముక్క నోట్లో వేసుకున్నారు. మైత్రి కప్పులు పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆదివారం మధ్యాహ్నం రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో సభ మొదలైంది. సాహెబు సమయానికి వచ్చాడు. అంతకంటే ఆశ్చర్యం, పేర్లిచ్చిన ఎనిమిదిమందీ వచ్చారు. తలలు దువ్వుకుని, కొత్త బట్టలు కట్టుకుని మొదటి వరసలో బుద్ధిగా కూర్చున్నారు. రాఘవయ్యగారు వాళ్ళని లెక్కపెట్టి, నమ్మకం కుదరక మళ్ళీ లెక్కపెట్టి, చల్లటి నీళ్ళు తెప్పించుకున్నారు.

ప్రవీణ్ ముందు లేచాడు. “సొంతం. ఎంత తీయని మాట.” గడగడా చెప్పేశాడు. సాహెబు తల ఊపాడు, జగన్నాథం ఒళ్ళంతా కళ్ళు చేసుకుని సాహెబు తల ఊపడం చూశాడు. తర్వాత ఉషారాణి వచ్చింది. ఆ పిల్లా తీయని మాట అంది, పక్షికి గూడు ఇచ్చింది, చేపను నీళ్ళలో వదిలింది. పిల్లలన్నాక ఒకలాగే ఆలోచిస్తారు కదా అనుకున్నారు జనం. మూడోవాడు పక్షి అనగానే వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. నాలుగోవాడు మహాకవి దగ్గర తడబడితే మూడో వరసలోంచి ఒక పెద్దావిడ అందించింది. ఆవిడ అప్పటికి అది మూడుసార్లు విని ఉంది మరి.

అచ్చియమ్మ పక్క వరసలోకి వంగి, పళ్ళ బిగువున జగన్నాథాన్ని అడిగింది. “మా పిల్ల ముక్కలన్నీ మీవోడికెలాగొచ్చినాయి?”

“మావోడు ముందర చెప్పినాడు గదా. మీ పిల్లకెలాగొచ్చినాయో నువ్వు చెప్పు.”

ఇద్దరూ చెప్పబోయి ఆగిపోయారు. గురువుగారు రాసిచ్చారంటే తమ పిల్ల సొంతంగా రాయలేదని సాహెబు ముందు ఒప్పుకోవాలి. పైగా దేవుడి పటం ముందు ఒట్టుంది. హాల్లో అన్ని కుటుంబాల వాళ్ళూ ఒకళ్ళ ముఖాలొకళ్ళు చూసుకుని, వెంటనే వేదిక వైపు తిప్పుకున్నారు. అందరూ ఇరుక్కున్నారు కాబట్టి ఎవరూ నోరు మెదపలేదు. రాఘవయ్యగారి పరువు అలా అందరి సిగ్గు మీదా నిలబడింది.

ఆరో ప్రసంగం మధ్యలో సాహెబు ఆయన వైపు వంగాడు. “ఇది ఏదైనా పాఠ్యపుస్తకంలో పాఠమాండీ?”

“పిల్లలంతా కలిసి చదువుకుంటారు సార్” అన్నారు రాఘవయ్యగారు. చొక్కా వీపుకి అంటుకుపోయింది.

ఎనిమిదో చేప కూడా నీళ్ళలోకి చేరాక ఆయన గుండెల నిండా గాలి పీల్చుకున్నారు. అప్పుడు త్రినాథరావు మైకులో, “ఆఖరికి ఇంకొక్క పేరుందండి. గురువుగారమ్మాయి, మైత్రి” అన్నాడు. గురువుగారు సంతోషిస్తారనుకుని, మైత్రితో ముందే చెప్పి పేరు తనే చేర్చాడు. ఆయన లేవబోయేలోపల మైత్రి మైకు దగ్గరికి వచ్చేసింది. చేతిలో కాగితం లేదు.

“నమస్తే. నా దగ్గర పక్షీ లేదు, చేపా లేదు. నాకెవరూ ఇవ్వలేదు.”

హాలంతా గొల్లుమంది. సాహెబు కూడా నవ్వాడు. మొదటి వరసలో ఎనిమిదిమంది మాత్రం తలలు దించుకున్నారు.

“నాకు తెలుగు చదవడం మా అమ్మ క్యాలెండర్‌తో వచ్చింది. అమ్మ చూపిస్తే నేర్చుకున్నాను. అందుకే నేను చదివిన ఫస్ట్ తెలుగు మాట ‘వర్జ్యం’. దాని తర్వాత ‘దుర్ముహూర్తం’. క్యాలెండర్‌లో ‘సొంతం’ లేదు. తో, అమ్మనే అడిగాను, సొంతం అంటే ఏంటి అని. అమ్మ చాలాసేపు ఆలోచించింది. ఎవరినీ అడక్కుండా తీసుకోగలిగేది అంది. అచ్ఛా, మరి మనింట్లో నీ సొంతం ఏముంది అన్నాను. అమ్మ నవ్వి, క్యాలెండర్ అంది.”

 సీతాలక్ష్మి రెండో వరసలో కూర్చుని పమిట చెంగు వేలికి చుట్టుకుంటూ ఉంది.

“తెనాలి వెళ్తే అక్కడి పిల్లలు నన్ను హిందీపిల్ల అంటారు. ఇక్కడ కాలేజీలో మద్రాసీ అంటారు. తోర్వా బజారులో కూరగాయలమ్మే ఒక దాయీ ఉంది, ముసలావిడ. నన్ను చూస్తే ‘మోర్ నోనీ’ అంటుంది. మతలబ్, నా పిల్లా అని. ఎవరినీ అడక్కుండా అనేస్తుంది. సొంతం అంటే నాకు అదే తెలుసు. సాహిత్యంలో ఈ మాట ఎలా వాడతారో నాకు తెలీదు. పప్పాకి తెలుసు. టైం దొరికినప్పుడు చెప్తానన్నారు. బస్, అంతే.”

 చప్పట్లు కొట్టినవాళ్ళు ఆపలేదు. అచ్చియమ్మ కళ్ళొత్తుకుంది. రాఘవయ్యగారికి ఈ పిల్ల తన పిల్ల అన్న గర్వం, ఈ పిల్లకి తను ఒక్క అక్షరం దిద్దించలేదన్న సిగ్గు, రెండూ ఒక్కసారే పొంగుకొచ్చాయి. నిజం చెప్పాలంటే ఆ క్షణాన ఆయన చాలా మంచివాడు. ఆ క్షణం ఇంకాస్త సాగి ఉంటే బావుండేది.

త్రినాథరావు చెవిలో అన్నాడు. “అమ్మాయికే ఇచ్చీయండి గురువుగారూ. ఇంకెవులికిస్తారు మరి.”

రాఘవయ్యగారు వేదిక మీద బల్ల వైపు చూశారు. వెండి పళ్ళెంలో శాలువా, శాలువా మీద గంధం రంగు దండ, దాని పక్కన ‘పదవిశారద’ అని చెక్కించిన చెక్క జ్ఞాపిక. కూతురికి బహుమతి ఇస్తే తను రాసిచ్చిన రెండు పేజీలూ చిత్తుకాగితమని తనే ఒప్పుకున్నట్టు. ఇచ్చిన బెల్లం, తాండ్ర, తేనె గుర్తొచ్చి ఎనిమిది ఇళ్ళవాళ్ళూ నోళ్ళు విప్పుతారు. అప్పుడు ఆ పళ్ళెం వచ్చిన దారినే లోపలికి వెళ్ళిపోతుంది. తెనాలిలో బావమరిది నవ్వుతాడు. ఇదంతా ఆలోచించడానికి ఆయనకు ఎంతోసేపు పట్టలేదు.

మైకు దగ్గరికి వెళ్ళి గొంతు సవరించుకున్నారు. “భాషా స్వచ్ఛతనూ, భావ గాంభీర్యాన్నీ దృష్టిలో పెట్టుకుని ప్రథమ బహుమతి కుమారి ఉషారాణికి ప్రకటిస్తున్నాను. చివరి ప్రసంగంలో అన్యభాషా పదాలు దొర్లినందువల్ల దానిని పరిశీలనకు తీసుకోలేదు.” మైత్రి పేరు ఆయన పలకలేదు.

జగన్నాథం లేచి నిలబడ్డాడు. “మావోడూ అదే చెప్పినాడు కదండి గురువుగారూ. మా పక్షికేటి తక్కువైపోనాది?”

 త్రినాథరావు బ్యాండు వాళ్ళకి సైగ చేసి గట్టెక్కించాడు. వెంటనే సన్మానం మొదలైపోయింది. సాహెబు శాలువా కప్పాడు, దండ వేశాడు, జ్ఞాపిక చేతిలో పెట్టాడు. ఫొటోగ్రాఫరు ఇంకొక్కసారి అన్నాడు. రాఘవయ్యగారు ఇంకొక్కసారి దండ వేయించుకున్నారు.

సాహెబు మర్యాదస్తుడు. మైకు అందుకుని, “పదవిశారదగారి నోట కూడా ఆ మాట మీద నాలుగు మాటలు వినాలని ఉంది. పిల్లలకు దారి చూపించినట్టుంటుంది” అన్నాడు.

రాఘవయ్యగారు మైకు ముందు నిలబడ్డారు. ఇన్నేళ్ళుగా ఎదురుచూసిన క్షణం. కృతజ్ఞతలకి తయారుచేసుకున్న వాక్యాలేవో ఉండేవి, శాలువా ఉక్కకి అవి ఆవిరైపోయాయి. సొంతం మీద కొత్తగా ఏం చెప్పాలి. మనసంతా వెతుక్కున్నారు. తెనాలిలో ఇల్లుంది, దాని మీద కోర్టు గొడవుంది. ఆఫీసులో కుర్చీ ఉంది, అది రిటైరయ్యేదాకానే. ఎవరినీ అడక్కుండా తీసుకోగలిగేది అన్న సీతాలక్ష్మి మాట నాలుక చివరి దాకా వచ్చింది. అది ఆవిడది, కూతురు అప్పుడే వాడేసింది. రెండో వరసలో సీతాలక్ష్మి ఆయన్నే చూస్తోంది. ఏదో ఒకటి తోస్తుందని ఆయన కళ్ళు మూసుకున్నారు.

“పక్షికి...” అన్నారు.

“గూడు సొంతం” అంది హాలు.

ముందు ఎవరు మొదలుపెట్టారో తెలియదు. పిల్లలు, తల్లులు, వెనక నిలబడ్డ క్యాంటీన్ వాళ్ళు, ఒక్క గొంతుతో అన్నారు. రాఘవయ్యగారికి వెనక్కి వెళ్ళే దారి కనిపించలేదు.

“చేపకు...”

“నీరు సొంతం.”

“మనిషికి...” అని ఆయన ఆగిపోయారు. ఈసారి వాళ్ళు అనకపోతే బావుండునని ఆయన నిజంగా కోరుకున్నారు.

“తన మాటే సొంతం” అని హాలు ఒక్కపెట్టున పూర్తిచేసి, తన పాండిత్యానికి తనే మురిసిపోయి చప్పట్లు కొట్టింది. సాహెబు కూడా కొట్టాడు. గురువుగారు పిల్లలకు ఎంత బాగా నేర్పారో అన్నాడు, అది పొగడ్తో ఎత్తిపొడుపో ఎవరికీ తెలియలేదు. అంతమందిలో నోరు విప్పనిది ఒక్క మైత్రే అని రాఘవయ్యగారు చూశారు. తల్లి పక్కన కూర్చుని వేదిక వైపు మామూలుగా చూస్తోంది.

ఇంకా వెలుతురు ఉండగానే ముగ్గురూ ఇంటికి నడిచారు. రాఘవయ్యగారు శాలువా తీయలేదు. ఎదురొచ్చిన వాళ్ళెవరైనా అడుగుతారేమోనని చూసుకున్నారు, ఎవరూ అడగలేదు. రైల్వే కాలనీ దాటాక ఇక ఉండబట్టలేక కూతురితో అన్నారు.

“రేపట్నుంచి నీకు తెలుగు నేర్పుతానమ్మా. టైం చూసుకుంటాను.”

“అక్కర్లేదు పప్పా, వచ్చేసింది. మీరు వాళ్ళకి చెప్తుంటే టీ ఇస్తూ విన్నాను. మళ్ళీ ఇవాళ విన్నాను. రెండు పేజీలూ నోటికొచ్చేశాయి.”

ఆయన నడక ఆగింది. “మరి హాల్లో అందరూ అంటుంటే నువ్వెందుకు అనలేదు?”

మైత్రి, తల్లి చేతిలోంచి సంచీ అందుకుంది. కోపంగా అనలేదు, ఎగతాళిగానూ అనలేదు. అడిగినదానికి జవాబు చెప్పిందంతే.

“నాది కాదు కదా పప్పా.”